ట్రస్టు రాయించదలచినవారికి న్యాయవాది ఎంపిక

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల పరిసరాలలోను, కొల్లేటి గ్రామాలలోను ఆస్తి అనగానే ముందుగా తలపుకు వచ్చేది భూమి. వరిచేను, కొబ్బరితోట, చేపల చెరువు, ఊళ్లో ఇంటిస్థలం: ఏ రూపంలో ఉన్నా దానిని ఒక తరం కూడబెట్టి మరొక తరానికి పంచి ఇవ్వడం ఇక్కడి రివాజు. అయితే పిల్లలు విదేశాలలో స్థిరపడి సాగు చూసుకునే దిక్కు లేని కుటుంబాలలోను, జీవితాంతం ఒకరి ఆసరా అవసరమైన బిడ్డ ఉన్న ఇళ్లలోను, సొంత ఊరి బడికో ఆసుపత్రికో అన్నదానానికో శాశ్వతమైన ఏర్పాటు చేయాలనుకునేవారిలోను, పంపకాల కన్నా ట్రస్టు మేలన్న ఆలోచన కలుగుతుంది. ఆ వెంటనే ఎదురయ్యే ప్రశ్న దానిని ఎవరి చేత రాయించాలన్నది. ఈ ప్రశ్నకు జవాబు న్యాయవాదుల పేర్లలో కన్నా ముందు, ఆ ఆస్తి స్వభావంలోను, దానిని ఇచ్చేవారి ఉద్దేశంలోను ఉందని, ఆ రెండూ తేలితేనే ఎటువంటి న్యాయవాది కావాలో తేలుతుందని వివరించడం ఈ ప్రసంగ విషయం.

ఒక వ్యక్తి తన ఆస్తిని మరొకరికి అప్పగిస్తూ, దానిని వారు తమ లాభానికి కాక తాను పేర్కొన్న మనుషుల మేలుకో, తాను నిర్దేశించిన ధర్మకార్యానికో వినియోగించాలని బాధ్యత పెట్టే ఏర్పాటే ట్రస్టు. అప్పగించేవారిని ట్రస్టు కర్త అని, బాధ్యత స్వీకరించేవారిని ట్రస్టీ లేదా ధర్మకర్త అని, మేలు పొందేవారిని లబ్ధిదారు అని, షరతులన్నీ రాసిన పత్రాన్ని ట్రస్టు దస్తావేజు అని అంటారు. 1882 నాటి భారత ట్రస్టుల చట్టం ప్రకారం కర్త ఉద్దేశం, ట్రస్టు ప్రయోజనం, లబ్ధిదారు, ఆస్తి అనే నాలుగూ సందేహానికి తావు లేకుండా తెలియాలి. కర్త తానే ట్రస్టీగా ఉన్నప్పుడు, వీలునామా ద్వారా ఏర్పడినప్పుడు తప్ప, ఆస్తి ట్రస్టీకి బదిలీ కూడా కావాలి. స్థిరాస్తితో ఏర్పడే ట్రస్టు రిజిస్టరైన దస్తావేజు ద్వారా గాని, వీలునామా ద్వారా గాని ఏర్పడాలి కాబట్టి, స్టాంపు కాగితంపై రాసి నోటరీ ముద్ర వేయించినంత మాత్రాన భూమి ట్రస్టుకు చెందదు.

ట్రస్టులలో ప్రైవేటు ట్రస్టు, పబ్లిక్ ట్రస్టు అని రెండు తెగలున్నాయి. కుటుంబ సభ్యులవంటి నిర్దిష్ట వ్యక్తుల కోసం ఏర్పడేది మొదటిది. ఊరి పిల్లల చదువు, వైద్యం, అన్నదానం వంటి లోకోపకారం కోసం ఏర్పడేది రెండవది. 1882 చట్టం మొదటిదానికే వర్తిస్తుంది. ధర్మాదాయ ట్రస్టులను అది తన పరిధి నుంచి మినహాయించింది. పబ్లిక్ ట్రస్టు తరతరాలు నిలవవచ్చు గాని, ప్రైవేటు ట్రస్టులో ఆస్తిని కలకాలం కట్టిపడేయడాన్ని చట్టం అనుమతించదు: ప్రస్తుతం జీవించి ఉన్నవారి జీవితకాలం, ఆపైన పుట్టబోయే వారసుడు మైనరుగా ఉండే కాలం దాటి హక్కు సంక్రమణను వాయిదా వేసే షరతు చెల్లదు. కాబట్టి మొదటి తెగకు భూమి, వారసత్వ చట్టాలలో ఆరితేరిన సివిల్ న్యాయవాది కావాలి. రెండవ తెగకు దేవాదాయ చట్టం, ఆదాయపు పన్ను, విదేశీ విరాళాల నిబంధనలు కూడా తెలిసినవారు గాని, వాటిని తెలిసిన ఆడిటర్‌తో కలిసి పనిచేసేవారు గాని కావాలి.

సబ్-రిజిస్ట్రార్ కార్యాలయాల ఎదుట దస్తావేజు లేఖరులు అమ్మకం, తాకట్టు, దానం పత్రాలను దశాబ్దాలుగా రాస్తున్నారు. వారి అనుభవం విలువైనదే. అయితే అమ్మకం దస్తావేజు రిజిస్ట్రేషన్‌తో చాలావరకు పని పూర్తయ్యే పత్రం. ట్రస్టు దస్తావేజుకు అసలు పని రిజిస్ట్రేషన్ తర్వాతనే, తరచుగా కర్త కాలం చేసిన తర్వాతనే మొదలవుతుంది. అచ్చులో ఉన్న నమూనాలో పేర్లు, సర్వే నంబర్లు నింపితే పని జరిగినట్టే కనిపిస్తుంది గాని, ట్రస్టీలలో ఒకరు మరణించినప్పుడో ఇద్దరికి పడనప్పుడో ఏం చేయాలన్న ప్రశ్నకు ఆ నమూనాలో జవాబు ఉండకపోవచ్చు. పైగా కక్షిదారు వృత్తిపరంగా చెప్పిన మాటను న్యాయవాది అతని అనుమతి లేకుండా బయటపెట్టరాదని 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం శాసిస్తుంది. కుటుంబ కలహాలు, అప్పులు, బిడ్డ ఆరోగ్యం వంటివి విప్పి చెప్పవలసిన ఈ పనిలో ఆ రక్షణ అవసరం, దస్తావేజు లేఖరితో మాట్లాడినప్పుడు అది ఉండదు.

తగిన న్యాయవాదిని కనుగొనడంలో ఉన్న చిక్కు ఏమిటంటే, ఈ దేశంలో న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోరాదు. భారత న్యాయవాదుల మండలి నియమాల ప్రకారం, ఫలానా తరహా కేసులలో తాను నిపుణుడనని తలుపు మీది బోర్డుపై కూడా రాసుకోకూడదు. కాబట్టి ట్రస్టుల న్యాయవాది అన్న బోర్డు ఏలూరు కోర్టు వీధిలో గాని తాడేపల్లిగూడెంలో గాని కనిపించదు. విచారించి తెలుసుకోవడానికి ఉన్న దారులలో మొదటిది స్థానిక బార్ అసోసియేషన్, అంటే ఆ కోర్టులో వాదించే న్యాయవాదుల సంఘం. రెండవది ఆడిటర్లు, ఏ ట్రస్టు లెక్కలు సాఫీగా సాగుతున్నాయో, ఏ దస్తావేజులోని లోపం పన్ను అధికారుల వద్ద అడ్డు తగిలిందో వారికి తెలుస్తుంది. మూడవ దారి చాలామందికి తెలియదు: స్థిరాస్తికి సంబంధించిన రిజిస్టరు దస్తావేజులు ఒకటవ పుస్తకంలో నమోదవుతాయి, రుసుము చెల్లించి దరఖాస్తు చేసినవారెవరైనా వాటి ధ్రువీకృత నకళ్లు పొందవచ్చు. చక్కగా నడుస్తున్న ఒక ట్రస్టు దస్తావేజు నకలు తీసుకుని చదివితే దాని నిర్మాణం తెలుస్తుంది. దానిని తయారుచేసినవారి పేరు కూడా చాలాసార్లు చివరి పుటలో దొరుకుతుంది. మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, దివ్యాంగులు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయం పొందడానికి 1987 నాటి చట్టం ప్రకారం అర్హులు. 15100 నంబరుకు ఫోన్ చేసి వివరాలు అడగవచ్చు.

ఈ ప్రాంతంలో న్యాయవాది సామర్థ్యానికి తొలి గీటురాయి భూమిని చదవడం. ట్రస్టు ఆస్తి లబ్ధిదారుకు బదిలీ చేయడానికి వీలైనదై ఉండాలని చట్టం చెబుతున్నందువల్ల, బదిలీకి పనికిరాని భూమిపై ఎంత గొప్ప దస్తావేజు రాసినా నిలవదు. సొంత హక్కు కలిగిన జిరాయితీ భూమికి, ప్రభుత్వం భూమిలేని పేదలకు ఇచ్చిన డి-ఫారం పట్టా భూమికి మధ్య తేడా ఇక్కడ ప్రాణప్రదం. అటువంటి అసైన్డు భూముల బదిలీని 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం నిషేధించింది. 2023లో వచ్చిన సవరణ కొంత సడలింపు ఇచ్చింది గాని, ఏ పట్టాకు అది వర్తిస్తుందో విడిగా తేల్చుకోవాలి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షన్ కింద ఉన్న నిషేధిత భూముల జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో కూడా చూడాలి. ఏలూరు జిల్లా ఉత్తర భాగంలోని బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వంటి ఏజెన్సీ మండలాలలో భూమి ఉంటే, గిరిజనేతరులకు బదిలీని నిషేధించిన 1/70 (1970 నాటి ఒకటవ) నిబంధన అడ్డు వస్తుంది.

కొల్లేటి భూముల విషయం మరింత సున్నితమైనది. 1999లో జారీ అయిన 120వ నంబరు జీవో ద్వారా ఐదవ కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత లోపల ఉన్న సుమారు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఈ సరస్సు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఆ గీత లోపల ప్రభుత్వ భూములే కాక జిరాయితీ భూములు కూడా ఉన్నాయి. అభయారణ్యంగా ప్రకటించే ఉద్దేశాన్ని తెలిపే నోటిఫికేషన్ వెలువడ్డాక, ఆ హద్దులలోని భూమిపై వారసత్వం ద్వారా గాని వీలునామా ద్వారా గాని తప్ప కొత్తగా ఏ హక్కూ సంక్రమించదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. అంటే, ఐదవ కాంటూరు లోపలి జిరాయితీ చెరువును బతికుండగా దస్తావేజు ద్వారా ట్రస్టుకు అప్పగించడానికి ఆటంకం ఎదురుకావచ్చు. అదే చెరువును వీలునామాలో ట్రస్టుకు రాయడానికి ఆ సెక్షన్ తావిస్తుంది. ఆ సర్వే నంబరు గీతకు లోపల ఉందో వెలుపల ఉందో, హక్కుల నిర్ణయం ఎంతవరకు వచ్చిందో చూడకుండా ముసాయిదా మొదలుపెట్టే న్యాయవాది కొల్లేటి పనికి తగినవారు కారు.

మరొక ముడి కుటుంబ హక్కులది. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో తండ్రికి తన వాటాపై ఉన్న అధికారం వేరు, మొత్తం ఆస్తిపై ఉన్న అధికారం వేరు. కుమార్తెలకు కుమారులతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో వాటా కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించుకుంది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ఆ సవరణ అప్పటికి పెళ్లికాని కుమార్తెలకు వర్తించింది. 2005లో కేంద్ర సవరణ వివాహితలకు కూడా ఆ హక్కు ఇచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో స్పష్టం చేసింది. కాబట్టి కుమారులు మాత్రమే సంతకాలు చేసిన పత్రం ఆధారంగా ఉమ్మడి పొలాన్ని ట్రస్టుకు రాస్తే, కుమార్తె వేసే దావాతో ఆ ట్రస్టు కోర్టుకెక్కుతుంది. అలాగే పసుపు కుంకుమ కింద ఇచ్చామని నోటిమాటగా చెప్పుకునే ఎకరం ఎవరిదన్నది తేలాలి. స్థిరాస్తి దానానికి రిజిస్టరు పత్రం ఉండాలన్నది ఆస్తి బదిలీ చట్టంలోని నియమం. మొదటి సమావేశంలోనే లింకు డాక్యుమెంట్లు, ఆస్తిపై జరిగిన లావాదేవీలను చూపే ఈసీ, పట్టాదారు పాసుపుస్తకం, రెవెన్యూ హక్కుల రికార్డైన వన్-బి, సాగు వివరాల అడంగల్ అడిగి, ఆడపిల్లలు ఎందరు, ఎవరి వాటా ఎవరు వదులుకున్నారు, ఏ పత్రం ద్వారా వదులుకున్నారు అని ఆరా తీసే న్యాయవాది కాలయాపన చేస్తున్నట్టు కనిపించవచ్చు గాని, ట్రస్టు నిలబడేది ఆ ఆరా వల్లనే. 2022 ఏప్రిల్ 4న ఏలూరు కొత్త జిల్లాగా ఏర్పడినప్పుడు కృష్ణా జిల్లా నుంచి కలిసిన కైకలూరు వైపు గ్రామాలలో, పాత రికార్డులలో జిల్లా పేరు కృష్ణా అనే ఉంటుందన్నదీ గుర్తుంచుకోవాలి.

పబ్లిక్ ట్రస్టు పెట్టదలచినవారు ముందుగా తెలుసుకోవలసినది 1987 నాటి ఆంధ్రప్రదేశ్ ధర్మాదాయ, హిందూ మత సంస్థల చట్టాన్ని గురించి. రిజిస్టరు అయినా కాకపోయినా, వక్ఫులు మినహా పబ్లిక్ ధర్మాదాయ సంస్థలన్నీ దాని పరిధిలోకి వస్తాయి. వాటి స్థిరాస్తిని దేవాదాయ శాఖ కమిషనర్ ముందస్తు అనుమతి లేకుండా అమ్మడం కుదరదు. కందుకూరి వీరేశలింగం 1906లో రాజమహేంద్రవరంలో హితకారిణీ సమాజాన్ని నెలకొల్పి తన ఆస్తిని దానికి ధారపోశారు. రంగూన్‌లో సంపాదించిన మల్లాడి సత్యలింగ నాయకర్ వీలునామా ద్వారా కాకినాడ ప్రాంతంలో ఎమ్మెస్సెన్ చారిటీస్‌కు పునాది వేశారు. ఈ రెండు సంస్థలూ కాలక్రమంలో దేవాదాయ శాఖ నిర్వహణలోకి వచ్చాయి. ఇందులోని మంచిచెడ్డలు వేరే చర్చ. దాత ఉద్దేశం ఎంత గొప్పదైనా, నిర్వహణ చివరికి ఎవరి చేతిలో ఉంటుందన్నది చట్టం మీద కూడా ఆధారపడుతుందని మాత్రం వీటి చరిత్ర చూపుతుంది. ట్రస్టు, సొసైటీ, లాభాపేక్ష లేని కంపెనీ అనే మూడు రూపాలలో ఏది తగినదో, స్థాపకుని కుటుంబానికి ఏ మేరకు గుర్తింపు ఉంటుందో న్యాయవాది ముందే వివరించాలి.

పన్ను మినహాయింపు దస్తావేజుతో తనంత తాను రాదు. ఆదాయపు పన్ను శాఖ వద్ద విడిగా నమోదు కావాలి. 2020 నాటి సవరణతో కొత్త సంస్థలకు మొదట మూడేళ్ల తాత్కాలిక నమోదు, ఆపైన నిర్ణీత కాలానికి పునరుద్ధరణ అనే పద్ధతి వచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. పాత నమూనాలలోని సెక్షన్లను యథాతథంగా ఎత్తి రాసే దస్తావేజును అనుమానించాలి. ఇక విదేశీ విరాళం: భారత పౌరసత్వం నిలుపుకున్న ప్రవాసి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపిన సొమ్ము విదేశీ విరాళం కిందకు రాదు, అమెరికా పౌరసత్వం తీసుకున్న కుమారుడు పంపినది మాత్రం, అతనికి ఓసీఐ కార్డు ఉన్నా, విదేశీ విరాళమే. దానిని స్వీకరించడానికి 2010 నాటి చట్టం కింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని ఉండాలి, సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే చేరాలి. నిధి అంతా విదేశీ పౌరుల నుంచే వస్తుందనుకునే కుటుంబం ఈ విషయం తెలియకుండా ట్రస్టు పెడితే, పత్రం చేతిలో ఉన్నా పైకం చేతికి రాదు.

దివ్యాంగుడైన బిడ్డ కోసం పెట్టే ప్రైవేటు ట్రస్టులో ప్రశ్నలు వేరు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 18 ఏళ్లు నిండాక కూడా చట్టబద్ధ సంరక్షకుని నియమించే అధికారం 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లాలోని స్థానిక స్థాయి కమిటీకి ఉంది. మనిషిని చూసుకునే సంరక్షకుడు ఒకరు, సొమ్ము చూసుకునే ట్రస్టీ మరొకరు అయ్యేలా ఏర్పాటు చేస్తే ఒకరిపై మరొకరి కన్ను ఉంటుంది. లబ్ధిదారుల వాటాలను నిర్ధారించకుండా ట్రస్టీల విచక్షణకు వదిలేస్తే ఆ ఆదాయంపై సాధారణంగా అత్యధిక రేటున పన్ను పడుతుంది. దీనికున్న మినహాయింపులలో ఏదైనా ఆ కుటుంబానికి వర్తిస్తుందేమో ఆడిటర్‌తో కలిసి చూడాలి.

ముసాయిదా చేతికి వచ్చాక, న్యాయవాది పనితనాన్ని ఒక్క షరతులోనే పరీక్షించవచ్చు. పదెకరాల చేపల చెరువు ట్రస్టు ఆస్తిగా ఉన్న ప్రైవేటు ట్రస్టును తీసుకుంటే, దాని ఆదాయమంతా కౌలు మీద ఆధారపడుతుంది. కోర్టు అనుమతి లేకుండా 21 ఏళ్లకు మించి కౌలుకివ్వరాదని, న్యాయంగా రాగల అత్యుత్తమ వార్షిక కౌలును రాయించుకోకుండా ఇవ్వరాదని ట్రస్టుల చట్టమే చెబుతోంది. అయితే ట్రస్టీ బావమరిది తక్కువ కౌలుకు చెరువు అడిగితే ఏమిటి, పాట పెట్టాలా, పాట సంగతి ఎవరెవరికి తెలియజేయాలి, వ్యాధి తగిలి చేప చచ్చిపోయిన ఏడు కౌలు తగ్గించే అధికారం ఎవరిది, గట్లు తెగితే మరమ్మతు ఖర్చు కౌలుదారుదా ట్రస్టుదా అన్నవి దస్తావేజు చెప్పాలి. చెరువు చుట్టూ తిరిగే ఈ ప్రశ్నలను ఊహించి రాసిన ముసాయిదా ఒక తీరుగా ఉంటుంది. ట్రస్టీలు తమకు తోచిన విధంగా కౌలుకు ఇవ్వవచ్చునన్న ఒక్క వాక్యంతో సరిపెట్టిన ముసాయిదా మరొక తీరుగా ఉంటుంది. ట్రస్టీ ఖాళీని ఎవరు భర్తీ చేయాలి, నిర్ణయానికి ఎందరి సంతకాలు కావాలి, ట్రస్టీకి ప్రతిఫలం ఉందా, లెక్కలు ఎవరికి చూపాలి, ట్రస్టును కర్త రద్దు చేసుకోవచ్చా అన్న షరతులను కూడా ఇదే విధంగా పరిశీలించాలి. రద్దు చేసుకునే హక్కును దస్తావేజులో స్పష్టంగా నిలుపుకోకపోతే, మనసు మారిందని ఆస్తిని వెనక్కు తీసుకోవడం సాధ్యం కాదు.

ఫీజు గురించి మొహమాటపడటం మంచిది కాదు. పత్రాల పరిశీలనకు ఎంత, ముసాయిదాకు ఎంత, రిజిస్ట్రేషన్ రోజు హాజరుకు ఎంత అని విడివిడిగా అడిగి, కాగితం మీద రాయించుకుని, చెల్లించినదానికి రసీదు తీసుకోవాలి. స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము ప్రభుత్వానికి చెల్లేవి కాబట్టి వాటిని ఫీజుతో కలపరాదు. ఫలితాన్ని బట్టి ఫీజు గాని, ఆస్తిలో వాటా గాని మాట్లాడుకోవడం న్యాయవాదుల నియమావళికి విరుద్ధం. తానే ట్రస్టీగా ఉంటానని న్యాయవాది ముందుకొస్తే, రాసేవారు, నిర్వహించేవారు, వివాదం వస్తే సలహా ఇచ్చేవారు ఒక్కరే కావడం శ్రేయస్కరమా అని ఆలోచించాలి. కుటుంబంలో విరోధం ఉన్నప్పుడు అవతలి పక్షానికి అంతకుముందు వకాల్తా వేసినవారిని ఎంచుకోరాదు. జిల్లా కోర్టులలో ఏ న్యాయవాది ఏ కేసులలో హాజరవుతున్నారో ఈ-కోర్ట్స్ సేవలో పేరుతో వెదికి తెలుసుకోవచ్చు. వృత్తిపరమైన దుష్ప్రవర్తన జరిగితే ఫిర్యాదు చేయవలసినది రాష్ట్ర న్యాయవాదుల మండలికి.

అన్ని కుటుంబాలకూ ట్రస్టు అవసరం ఉండదన్నది కూడా ఇక్కడ చెప్పవలసిన మాట. ఇద్దరు సాక్షుల సంతకాలతో సరిగ్గా రాసిన వీలునామా గాని, జీవితకాలం అనుభవ హక్కు నిలుపుకుంటూ రాసే సెటిల్‌మెంట్ దస్తావేజు గాని చాలా ఇళ్ల అవసరాన్ని తీరుస్తుంది. పత్రాలన్నీ చూసి, ట్రస్టు అక్కరలేదని చెప్పగలిగిన న్యాయవాది మాటకు విలువ ఎక్కువ. అవసరమేనని తేలి దస్తావేజు రిజిస్టరు అయితే, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, రెవెన్యూ రికార్డులలో పేరు మార్పిడి పూర్తయ్యే వరకు న్యాయవాది బాధ్యత కొనసాగేలా మొదటే ఒప్పుకోవాలి. వన్-బిలో పాత పేరే మిగిలిపోతే, కర్త తదనంతరం వారసులు ఆ కాగితమే పట్టుకుని తహసీల్దారు కార్యాలయానికి వెళతారు, ట్రస్టీలు ఆనాడు కోర్టుకెక్కవలసి రావచ్చు.